పని నేర్పిన చదువుకు తగిన పరీక్ష కావాలి

సంపాదకులకు,

ఆర్యా,

పని తెలిసినవారు దొరకడం లేదన్న యజమానుల ఫిర్యాదు ఒక రోజు, పని తెలిసినా పట్టా లేదని పక్కన పెట్టేశారన్న కార్మికుల గోడు మరో రోజు మీ పత్రికలో చదువుతుంటాను. ఈ రెండు వార్తలూ ఒకే పేజీలో పక్కపక్కనే రావలసినవని నా అభిప్రాయం. విద్యుత్ పనుల శిక్షణలో పాతికేళ్లకు పైగా గడిపి, చివరి పదకొండేళ్లు అభ్యర్థుల పనితనాన్ని పరీక్షించి మార్కులు వేసే బాధ్యతలో ఉండి, ఇటీవలే పదవీ విరమణ చేసినవాణ్ణి. బల్లకు ఆ వైపున కూర్చున్నవారికి ఈ విషయం ఎలా కనిపిస్తుందో చెప్పాలనిపించి ఈ ఉత్తరం రాస్తున్నాను.

తరగతి గదిలో కాక పనిలోనో, సొంతంగానో నేర్చుకున్నదాన్ని పరీక్షించి, ఆ మేరకు కోర్సులో కొన్ని పేపర్లు మినహాయించడాన్ని, అన్నీ సరిపోతే అర్హతనే ప్రదానం చేయడాన్ని ‘పూర్వ అభ్యసన గుర్తింపు’ అంటారు. వాడుకలో ఆర్‌పీఎల్ (రికగ్నిషన్ ఆఫ్ ప్రయర్ లెర్నింగ్) అనే మాటే ఎక్కువగా వినిపిస్తుంది. దాని పేరెత్తగానే సాటి అధ్యాపకుల్లో చాలామంది ముఖం చిట్లించడం చూశాను. చదవకుండా పట్టా పుచ్చుకునే అడ్డదారి ఇదని వారి అనుమానం. కొన్నాళ్లు నాకూ ఆ అనుమానం ఉండేది. దాన్ని పోగొట్టిన అభ్యర్థి ఒకరున్నారు, తిరిగి కొంత కలిగించిన అభ్యర్థి ఇంకొకరున్నారు.

మొదటి వ్యక్తి పద్నాలుగేళ్లుగా ప్యానెల్ బోర్డుల పని చేస్తున్నాడు. రాత పరీక్షలో ‘ఒక సర్క్యూట్‌ను సరఫరా నుంచి వేరు చేశాక, అందులో కరెంటు లేదని ఎలా నిర్ధారిస్తారు?’ అన్న ఐదు మార్కుల ప్రశ్నకు అతను రాసిన జవాబు ఒకే వాక్యం: ‘టెస్టర్ పెట్టి చూస్తాను.’ నేను ఒక మార్కు వేశాను. మర్నాడు ప్రయోగశాలలో అదే పని చేసి చూపించమన్నాం. ఐసోలేటర్ (సరఫరాను వేరు చేసే స్విచ్) ఆపి, దానికి తాళం వేసి, తాళంచెవి జేబులో వేసుకుని, తన పేరు రాసిన అట్ట తగిలించాడు. టెస్ట్ ల్యాంప్ చేతికిస్తే నేరుగా ఆ సర్క్యూట్ దగ్గరికి పోలేదు. పక్కనే కరెంటు ఉందని తెలిసిన పాయింటులో పెట్టి, ముందు ల్యాంపు వెలుగుతోందని చూసుకున్నాడు. అప్పుడు ఆపిన సర్క్యూట్‌లో ఫేజ్‌కూ న్యూట్రల్‌కూ మధ్య, ఫేజ్‌కూ ఎర్త్‌కూ మధ్య, న్యూట్రల్‌కూ ఎర్త్‌కూ మధ్య పెట్టి చూశాడు. ఎక్కడా వెలగలేదు. అంతటితో ఆగకుండా మళ్లీ వెనక్కి వెళ్లి, మొదట చూసిన పాయింటులోనే ల్యాంపును ఇంకోసారి వెలిగించి చూశాడు. ఈ లోపు ల్యాంపే పాడైపోయి ఉంటే, వెలగకపోవడాన్ని నమ్మి చెయ్యి పెట్టినవాడు పోతాడు గదా. రాత పరీక్షలో ఇదంతా ఎందుకు రాయలేదని అడిగితే, అదేం ప్రశ్న అన్నట్టు చూసి, “టెస్టర్ పెట్టి చూడటమంటే ఇదే కదా సార్” అన్నాడు.

పాఠ్యపుస్తకంలో అర పేజీ పట్టే పద్ధతి అంతా అతనికి మూడు మాటల్లో ఇమిడిపోయింది. నేను వేసిన ఆ ఒక్క మార్కు అతని రాతకు పడిందే గాని పనికి పడలేదు. రాత పరీక్షలో తప్పినవారిని ప్రయోగశాలకు పిలవని పాత ఏర్పాటే గనక మా దగ్గర అప్పటికీ ఉండి ఉంటే, అతన్ని అజ్ఞాని కింద లెక్కగట్టి ఇంటికి పంపి ఉండేవాణ్ణి. అంతకు ముందు అలా ఎందరిని పంపామో తలచుకుంటే ఇప్పటికీ ఇబ్బందిగానే ఉంటుంది.

రెండో అభ్యర్థి అనుభవం ఇరవై రెండేళ్లు. దరఖాస్తుతో పాటు యజమానులు ఇచ్చిన ఉత్తరాలు దొంతరగా తెచ్చాడు. రాత పరీక్ష కూడా ఓ మాదిరిగా రాశాడు. మేము ఇచ్చిన బోర్డులో ఒక సర్క్యూట్ న్యూట్రల్ ఎర్త్‌కు తగిలేలా కావాలనే లోపం పెట్టి ఉంచాం. దాంతో ఆర్‌సీసీబీ పదే పదే ట్రిప్ అవుతుంది. ఫేజ్‌లో వెళ్లిన కరెంటుకూ న్యూట్రల్‌లో తిరిగి వచ్చిన కరెంటుకూ తేడా వస్తే సరఫరాను ఆపేసే పరికరం అది. మనుషుల రక్షణకు వాడే రకంలో ఆ తేడా సాధారణంగా 30 మిల్లీఆంపియర్లు. అతను లోపం కోసం పది నిమిషాలు కూడా వెతకలేదు. ఆర్‌సీసీబీని తప్పించి లైను నేరుగా కలిపేసి, “ఇక ట్రిప్ కాదు సార్” అన్నాడు. నిజమే, ట్రిప్ కాదు. మనిషికి షాక్ కొట్టినా కాదు. అతను మమ్మల్ని మోసగించడానికి చేసిన పని కాదది. ఇరవై రెండేళ్లుగా అలాగే చేస్తున్నాడు, లైటు వెలిగితే చాలనుకున్న వారెవరూ తప్పనలేదు. ఒప్పును ఎంత గట్టిగా నేర్పుతుందో తప్పును కూడా అంత గట్టిగానే నేర్పే గురువు అనుభవం.

ఏళ్లు లెక్కపెట్టి అర్హత ఇచ్చే పద్ధతిలో రెండో అతనికి మొదటి అతనికంటే ముందే పట్టా దక్కేది. రాత పరీక్ష ఒక్కదాన్నే నమ్ముకునే పద్ధతిలోనూ అతనే గెలిచేవాడు. ఆర్‌పీఎల్‌ను కావాలనేవారూ వద్దనేవారూ సాధారణంగా ఈ రెండు పద్ధతుల మధ్యనే వాదులాడుకుంటుంటారు. పరీక్ష లేకుండా గుర్తింపు ఇవ్వమని నేను కోరడం లేదు. పనిలో నేర్చిన విద్య పనిలోనే బయటపడుతుంది కాబట్టి, దాన్ని బయటపెట్టగల పరీక్ష పెట్టమని కోరుతున్నాను.

ఇది నేను కనిపెట్టిన సూత్రమేమీ కాదు. వయోజనుల అనుభవాన్ని కళాశాల చదువులో ఎలా లెక్కించాలో తేల్చడానికి అమెరికాలో 1974లో మొదలైన ఒక ప్రాజెక్టు, తరువాతి కాలంలో ‘కౌన్సిల్ ఫర్ అడల్ట్ అండ్ ఎక్స్‌పీరియన్షియల్ లెర్నింగ్’ అనే సంస్థగా స్థిరపడింది. ఆ సంస్థ ప్రమాణాల్లో ప్రధానమైనది, గడిపిన కాలానికి గాని పొందిన అనుభవానికి గాని క్రెడిట్ (కోర్సు లెక్కలో చేరే పాయింటు) ఇవ్వకుండా, దానివల్ల అబ్బిన విద్యకు మాత్రమే ఇవ్వాలన్నది. అంతర్జాతీయ కార్మిక సంస్థ 2004లో ఆమోదించిన 195వ సిఫారసు కూడా, పనిలో నేర్చినదాన్ని గుర్తించే విధానాలు ఏర్పాటు చేయాలని ప్రభుత్వాలకు చెబుతూనే, మూల్యాంకనం నిష్పాక్షికంగా, వివక్ష లేకుండా, ప్రమాణాలకు ముడిపడి ఉండాలని షరతు పెట్టింది.

ఈ దారిలో అందరికంటే ఎక్కువ దూరం నడిచిన దేశం ఫ్రాన్స్ అనవచ్చు. పట్టా లేకపోయినా ఇంజనీరు స్థాయి పని చేస్తున్నవారు పరీక్షించుకుని ‘ఇంజనీరు’ బిరుదు పొందడానికి అక్కడ 1934లోనే చట్టం చేశారు. నిర్ణీత అర్హత లేనివారు అనుభవాన్ని చూపి ఉన్నత విద్యలో చేరడానికి 1985లో వీలు కల్పించారు. 2002 జనవరి నాటి చట్టంతో అనుభవం ఆధారంగా పూర్తి పట్టానే పొందే హక్కు వచ్చింది. అప్పట్లో కనీసం మూడేళ్ల అనుభవం ఉండాలన్నారు. 2016లో దాన్ని ఏడాదికి తగ్గించారు. 2022 డిసెంబరులో చేసిన చట్టంతో కనీస కాలపరిమితినే ఎత్తివేశారు. దీన్ని సడలింపు కింద చూసేవారున్నారు గాని, నాకు మాత్రం అది సూత్రాన్ని చివరిదాకా పాటించడంలాగే కనిపిస్తుంది. పరీక్షించేది విద్యనే అయినప్పుడు, అది ఏడాదిలో అబ్బిందా ఏడేళ్లలో అబ్బిందా అన్నది గేటు దగ్గర అడగవలసిన ప్రశ్న కాదు. అక్కడి మూల్యాంకన బృందం పట్టా పూర్తిగా ఇవ్వవచ్చు, కొన్ని భాగాల వరకే ఇచ్చి మిగిలినవి పూర్తి చేసి రమ్మనవచ్చు, అసలు నిరాకరించవచ్చు.

అయితే ఆ పద్ధతిలో అభ్యర్థి తన పని గురించి విపులంగా ఒక దస్త్రం రాసి సమర్పించాలి, దాని మీద ముఖాముఖి జరుగుతుంది. రాయడం అలవాటు ఉన్నవారికి అది తేలిక. ‘టెస్టర్ పెట్టి చూస్తాను’ అని రాసేవారికి, ఒక పరీక్షను తప్పించుకుని అంతకంటే పెద్ద పరీక్షలో పడినట్టే. దస్త్రానికి బదులుగానో, దానికి తోడుగానో పనిని కళ్ల ముందు చేయించి చూసే ఏర్పాటు అక్కడ కొన్ని అర్హతలకు ఉంది. చేతిపనికి సంబంధించిన ఏ అర్హతకైనా అది తప్పనిసరి కావాలని నా మనవి.

చేతిపనుల సంగతి సరే, న్యాయవాదం వంటి వృత్తులకు ఇది ఎలా పొసుగుతుందని అడగవచ్చు. ఇంగ్లండ్, వేల్స్‌లలో సొలిసిటర్ (కక్షిదారులకు సలహా ఇచ్చి, వారి పత్రాలు, కేసులు చూసే న్యాయవాది) అర్హత విధానాన్ని 2021 సెప్టెంబరులో మార్చారు. అంతకు ముందు న్యాయ సంస్థల్లో శిక్షణ ఒప్పందం దొరకనివారిలో చాలామంది అక్కడే ఆగిపోయేవారు. ఇప్పుడు పారాలీగల్‌గా, అంటే న్యాయవాదులకు సహాయకులుగా, చేసిన పని, ఉచిత న్యాయ సహాయ కేంద్రంలో చేసిన పని కూడా, గరిష్ఠంగా నాలుగు సంస్థల్లో కలిపి రెండేళ్లకు సమానమైతే అర్హతా అనుభవంగా లెక్కలోకి వస్తుంది. అలాగని పరీక్ష తీసేయలేదు. అందరూ రాసే రెండు దశల పరీక్షనే వీరూ రాయాలి. రెండో దశలో కక్షిదారుతో మాట్లాడటం, న్యాయస్థానంలో వాదించడం, పత్రాలు రాయడం వంటివి చేయించి చూస్తారు. ఏ మెట్టు ఎక్కి వచ్చినా గుమ్మం ఒక్కటే అయినప్పుడు ‘దొడ్డిదారి’ అన్న మాటకు చోటుండదు.

వాదన తేలికగానే ఒప్పుకుంటారు. చిక్కంతా ఆధారాల దగ్గర వస్తుంది. సమర్పించిన ఆధారం ఆ అంశానికి సంబంధించినదై ఉండాలి, అభ్యర్థి సొంత పనే అయి ఉండాలి, ఇటీవలిదై ఉండాలి, నిర్ణయానికి సరిపోయేంత ఉండాలి. ఈ నాలుగూ న్యాయమైన కొలతలే. కాని వాటికి తగిన కాగితం ఎవరి బీరువాలో ఉంటుంది? తొమ్మిదేళ్లు ఒక సంస్థలో లెక్కలు చూసిన ఒకావిడ అకౌంట్స్ అర్హతకు దరఖాస్తు చేస్తూ నన్ను సలహా అడిగింది. సంస్థ లెక్కలను బ్యాంకు లెక్కలతో సరిచూస్తూ ఆవిడ ప్రతి నెలా తయారు చేసిన బ్యాంకు సరిపోలిక పట్టికలు ఆవిడకు అన్నిటికంటే బలమైన ఆధారం. చెక్కు ఇచ్చిన తేదీ, అది బ్యాంకులో చెల్లిన తేదీ, మధ్యలో నిలిచిపోయిన మొత్తం ఎందుకు నిలిచిందో పక్కన ఆవిడ చేత్తో రాసుకున్న గుర్తు... చూసినవారికి ఇక వేరే సాక్ష్యం అక్కర్లేదు. కాని అవి సంస్థవి. ఖాతాదారుల పేర్లున్న కాగితాలు బయటికి తీసుకురాకూడదు. పేర్లు కొట్టేసి ఇవ్వమంటే పై అధికారి నెలలు తిప్పించుకున్నాడట. అర్హత వచ్చిందంటే జీతం పెంచమంటుందనో, మానేసి పోతుందనో ఆయన భయం. చివరికి ఇచ్చిన ఉత్తరంలో ‘నమ్మకంగా పనిచేసింది’ అన్న ఒక్క ముక్క ఉంది. మనిషి మంచిదని చెప్పడానికి అది పనికొస్తుంది గాని, సరిపోలిక పట్టిక వేయడం వచ్చని చెప్పడానికి పనికిరాదు. ఇటువంటివారికి ఊహాజనితమైన ఖాతా పుస్తకం, బ్యాంకు స్టేట్‌మెంటు చేతికిచ్చి, ఒక పూట కూర్చోబెట్టి పట్టిక వేయమనడం కంటే న్యాయమైన మార్గం నాకు తోచడం లేదు. మూతపడిన సంస్థల్లో చేసినవారికీ, ఇంటి దగ్గర కుట్టుపనో పిల్లల సంరక్షణో చేసుకునేవారికీ కాగితం ఇచ్చే యజమానే ఉండడు కదా.

ఇటీవలిదై ఉండాలన్న షరతును మాత్రం గట్టిగానే పాటించాలి. వైరింగ్ నిబంధనలు మారుతుంటాయి, పన్ను చట్టాలు మారుతుంటాయి. ఎప్పుడో పదేళ్ల కిందట చేసిన పని ఇవాళ్టి అర్హతకు సాక్ష్యం కాజాలదు.

ఆధారాల చిక్కు కంటే పెద్ద అడ్డంకి పదజాలం. సిలబస్ ఒక రకంగా మాట్లాడుతుంది, పని మరో రకంగా మాట్లాడుతుంది. ‘ఇన్సులేషన్ నిరోధాన్ని కొలిచి ఫలితాన్ని విశ్లేషించగలరా?’ అని దరఖాస్తు ఫారంలో అడిగితే రాదని టిక్ పెట్టినవాళ్లు, ‘మెగ్గర్ వేసి చూస్తావా?’ అంటే రోజూ అదే పని గదా అనేవారు. ఫారం నింపేటప్పుడే సగం మంది తమకు తామే తక్కువ మార్కులు వేసుకుంటారు. వారి పక్కన కూర్చుని, వారి పనిని సిలబస్ మాటల్లోకి తేవడానికి సాయపడే సలహాదారు ఒకరు ఉండాలి. ఆ సాయం చేసినవారే మార్కులు వేయకూడదు. మార్కులు వేసే బల్ల దగ్గర కనీసం ఒకరైనా ఇప్పటికీ ఆ వృత్తిలో ఉన్నవారు కూర్చోవాలి. అధ్యాపకులం మేమొక్కరమే ఉంటే పుస్తకంలోని మాట వినిపిస్తేనే మార్కు వేస్తాం. ఈ మాట అంటే నా పాత సహోద్యోగులకు కోపం రావచ్చు.

మన దేశంలోనూ ఇందుకు పునాది లేకపోలేదు. అర్హతలను నైపుణ్య స్థాయిలవారీగా అమర్చే జాతీయ నైపుణ్య అర్హతల చట్రాన్ని 2013 డిసెంబరులో నోటిఫై చేశారు. 2015లో ప్రారంభమైన ప్రధానమంత్రి కౌశల్ వికాస్ యోజన అనే నైపుణ్య శిక్షణ పథకంలో ఆర్‌పీఎల్ ఒక భాగం. ఏడాది చదువును 1200 గంటలుగా, 40 క్రెడిట్లుగా లెక్కగట్టే జాతీయ క్రెడిట్ చట్రం 2023లో వచ్చింది, అనుభవానికి కూడా క్రెడిట్లు ఇవ్వడానికి అందులో వీలుంది. చట్రాలున్నాయి, అందుకు సంతోషం. కాని కొద్ది గంటల పరిచయ తరగతి, ఆపైన ఒక చిన్న పరీక్ష, చివర ఒక ధ్రువపత్రం అన్నంతతో పని ముగిసిందనుకుంటే, ఆ పత్రం గోడకు తగిలించుకోవడానికి తప్ప ఎందుకూ కొరగాదు. దాన్ని పట్టుకుని డిప్లొమాలో రెండో ఏడాదికి చేరవచ్చా? లైసెన్సుకు దరఖాస్తు చేయవచ్చా? కాదన్నప్పుడు గుర్తించామన్న మాటకు అర్థమేమిటి? ఐరోపా సమాఖ్య మండలి 2012 డిసెంబరులో సభ్య దేశాలకు చేసిన సిఫారసులో, ఈ దారిలో వచ్చే అర్హత మామూలు చదువుతో వచ్చే అర్హతకు ఉన్న ప్రమాణాలకే, లేదా వాటికి సమానమైనవాటికే లోబడి ఉండాలని చెప్పారు. ప్రమాణం ఒక్కటే అయినప్పుడు విలువా ఒక్కటే కావాలి. పట్టా మీద ‘ఆర్‌పీఎల్ ద్వారా’ అని విడిగా ముద్ర వేయడం ఆ విలువను మొదట్లోనే తగ్గించి చేతికివ్వడమే.

విద్యాసంస్థల జంకు నాకు తెలియనిది కాదు. మినహాయించిన ప్రతి పేపరూ పోయిన ఫీజే. పైగా ఒక్కొక్కరినీ విడిగా కూర్చోబెట్టి చూడటానికి అయ్యే శ్రమ, అరవై మందికి ఒకేసారి ప్రశ్నపత్రం పంచే పనికంటే ఎన్నో రెట్లు ఎక్కువ. ఆ ఖర్చును దాచిపెట్టి లాభం లేదు. మూల్యాంకనానికి తగిన రుసుము ఉండాలి, కట్టలేనివారి తరఫున ప్రభుత్వమో యజమానో భరించాలి. కోర్సులో ఇంత శాతానికి మించి మినహాయింపు లేదని చాలా సంస్థలు గీసే గీతతో మాత్రం నేను ఏకీభవించను. సగం వచ్చినవారికి సగం, ముప్పాతిక వచ్చినవారికి ముప్పాతిక. శాతం ముందే గీసుకుని, వచ్చిందని మనమే తేల్చిన పాఠాన్ని మళ్లీ కూర్చుని వినమనడం ఎవరి ప్రయోజనం కోసమో ఆలోచించాలి.

ప్రాణాలతో ముడిపడిన వృత్తుల్లో జాగ్రత్త ఇంకా ఎక్కువ ఉండాలన్నవారితో నాకు పేచీ లేదు. ఏళ్ల తరబడి వార్డులో పనిచేసిన సహాయకురాలికి రోగిని పక్కకు తిప్పడం, పుండు పడకుండా చూడటం, నాడి లెక్కపెట్టడం నర్సింగ్ విద్యార్థికంటే బాగా తెలిసి ఉండవచ్చు. ఆ మేరకు గుర్తించాలి. మందుల మోతాదు లెక్క ఆమెకు పనిలో ఎప్పుడూ రాలేదు, రానివ్వకూడదు కూడా. అది తరగతిలోనే నేర్చుకోవాలి. తెలిసినది, తెలియనిది ఇలా విడదీసి చెప్పగలగడమే మంచి మూల్యాంకనానికి గుర్తు. ‘ఉత్తీర్ణులు కాలేదు’ అన్న రెండు మాటల ఉత్తరం పంపి చేతులు దులుపుకునే సంస్థకు మూల్యాంకనం చేసే అర్హతే లేదంటాను. ఎందులో తప్పారో, ఏం నేర్చుకుని రావాలో రాసి ఇవ్వాలి, నిర్ణయాన్ని వేరే బృందంతో తిరిగి చూపించుకునే అవకాశమూ ఉండాలి.

రెండో అభ్యర్థికి మేము అలాగే రాసి ఇచ్చాం. ఆరు నెలల తరువాత వచ్చి, ఆ బోర్డులోనే న్యూట్రల్ లోపాన్ని వెతికి పట్టుకున్నాడు. మొదటి అతనికి ప్రాక్టికల్ భాగాలన్నీ మినహాయించాం. కేబుల్‌లో వోల్టేజి తగ్గుదల, ఎర్త్ నిరోధం – ఈ రెండు లెక్కలు అతనికి నిజంగానే రావు. వాటికి సంబంధించిన రెండు పేపర్లకు సాయంత్రం తరగతుల్లో చేరాడు. మట్టిలో తేమ తగ్గితే ఎర్త్ నిరోధం పెరుగుతుందన్న పాఠం చెబుతున్న రోజు, ఎండలు ముదిరాక ఎర్త్ గోతిలో నీళ్లు పోయడం పద్నాలుగేళ్లుగా తనకు అలవాటేననీ, ఎంత పోయాలో ఎలా తెలుస్తుందని ఇన్నాళ్లూ అడగడానికి మనిషి దొరకలేదనీ చెప్పి, లెక్క ఇంకోసారి బోర్డు మీద చేయించుకున్నాడు. పరీక్షలో ఆ ప్రశ్నకు అతను పేజీన్నర రాశాడు.

భవదీయుడు,
విశ్రాంత వృత్తివిద్యా శిక్షకుడు